ఎమ్మెల్యే గారి జత

ఎల్మ్‌పోర్ట్, కెనడా
3 మార్చి 2019

అక్కకు భాను నమస్కారాలు.

ఫోన్ చెయ్యకుండా కాగితం మీద రాసి, ఫొటో తీసి పంపుతున్నాడేమిటి వీడు అనుకోకు. ఫోన్‌లో అయితే మొదటి మాటకే నీకు ఏడుపొస్తుంది, వెనకనుంచి బావగారు "ఏమైందంట?" అని అరుస్తారు, అసలు సంగతి అలాగే మిగిలిపోతుంది. పైగా జయశ్రీ పోయాక ఈ ఇంట్లో తెలుగు మాట లేదు. మందుల షాపులో పొద్దస్తమానం ఇంగ్లీషు గీకి గీకి నా తెలుగు రాత కోడి కెలికినట్టయింది. ఇకమీద ముఖ్యమైనవన్నీ ఇలాగే రాసుకుందాం.

ఇప్పుడు ముఖ్యమైనది ఏమిటంటే, వచ్చే అక్టోబరులో ఇక్కడి రాష్ట్ర ఎన్నికల్లో నిలబడుతున్నాను. కన్సర్వేటివ్ పార్టీ తరఫున. గెలిస్తే ఇక్కడ కూడా ఎమ్మెల్యే అనే అంటారు, నవ్వకు.

ఆ పార్టీయే ఎందుకని బావగారు తప్పకుండా అడుగుతారు. బందరులో నాన్న కొట్టు ముందు కూర్చుని, "సర్కారు చుట్టంలా ఉండాలిరా. వసారాలో కూర్చోబెట్టి కాఫీ ఇస్తాం. వంటింట్లోకొచ్చి కూరలో ఉప్పెంత వెయ్యాలో చెప్పకూడదు" అనేవారు కదా. నా రాజకీయం అంతకంటే ఏమీ లేదని చెప్పు.

రైడింగ్ మొదలుపెట్టాను. మాది చాలా పెద్ద రైడింగ్, అంతా సముద్రపు ఒడ్డు, గతుకులు. అప్పుడే నడుం పట్టేసింది. అయినా వదిలేది లేదు.

నీ తమ్ముడు,
భాను

క్రెయిగీబర్న్, మెల్‌బోర్న్
9 మార్చి 2019

ఒరేయ్ భానూ,

దీవెనలు తర్వాత. ముందు తిట్లు. యాభై నాలుగేళ్ళొచ్చాయి, నీకు గుర్రం ఎక్కడమేమిట్రా? బందరులో జట్కాబండి కదిలితేనే నా కొంగు పట్టుకుని కళ్ళు మూసుకునేవాడివి. ఎలక్షనంటే జీపుల్లో తిరుగుతారు, పాదయాత్రలు చేస్తారు. గుర్రమెక్కి ఓట్లడిగేవాణ్ణి నేనెక్కడా చూళ్ళేదు. మీ బావగారు మాత్రం, "మంచు దేశం కదే, కార్లు పోవేమో" అన్నారు. ఆయన దగ్గర ప్రతిదానికీ ఓ సమాధానం ఉంటుంది. వెంటనే దిగిపో. నడుముకి నువ్వులనూనె వెచ్చచేసి రాసుకో.

ఇక్కడ అందరం కులాసా. ఇంట్లో పిల్లల్ని చూసుకునే నా ఉద్యోగం బాగానే ఉంది. నిన్న ఒకడు నీలం క్రేయాను తినేసి, అచ్చం నాలాగే నోరు మీద చెయ్యేసుకుని "అయ్యయ్యో" అన్నాడు. గ్రీకు వాళ్ళ పిల్లాడు! వైశాలి కూతురు పండు గోడ పట్టుకుని అడుగులేస్తోంది.

ఇప్పుడు అసలు మాట. ఏడ్చాను. కాగితం మీద చెప్పినా ఏడ్చాను. ఏడో తరగతిలో వక్తృత్వ పోటీకి నేను రాసిచ్చిన ఉపన్యాసం సగంలో మర్చిపోయి, "మిగతాది మా అక్కకి తెలుసు" అని స్టేజి దిగిపోయావు, గుర్తుందా? హాలంతా నవ్వింది. నాకు మాత్రం ఆ రోజంతా గర్వంగానే ఉంది. అక్కడ అసెంబ్లీలో కూడా ఏమైనా మర్చిపోతే అదే మాట చెప్పు.

అక్క,
శ్యామసుందరి

ఎల్మ్‌పోర్ట్
12 మార్చి 2019

అక్కకు నమస్కారాలు.

గుర్రం లేదు తల్లీ. నియోజకవర్గాన్ని ఈ దేశంలో రైడింగ్ అంటారు. నా నడుం పట్టేసింది కారులో తిరిగి. నూనె మాత్రం రాసుకున్నాను, తగ్గింది.

మా పార్టీ రంగు నీలం. మాకు పోటీ లిబరల్ పార్టీవాళ్ళు, వాళ్ళది ఎరుపు. ఈ రెండు ముక్కలూ గుర్తుపెట్టుకుంటే చాలు, మిగతా రాజకీయం నీకు అక్కర్లేదు.

భాను

క్రెయిగీబర్న్
19 మే 2019

భానూ,

ఈ ఉత్తరం చదివాక నన్ను అక్కా అని పిలుస్తావో లేదో తెలియదు.

నిన్న ఇక్కడ ఎలక్షన్లు. ఓటెయ్యకపోతే జరిమానా కాబట్టి బావగారు కూడా పొద్దున్నే తలంటుకుని బయల్దేరారు. స్కూల్లో పోలింగు. బయట సాసేజ్‌లు కాలుస్తారు, మనం అడిగితే వేయించిన ఉల్లిపాయలు బ్రెడ్డులో పెట్టిస్తారు, బావగారు ఓటుకంటే దానికోసమే వస్తారు. అక్కడ పక్కింటి వివేక్ కనిపించి, "ఆంటీ, టూ అవర్స్ హెల్ప్ చేయరా ప్లీజ్? వచ్చినోళ్ళకి కార్డ్స్ ఇస్తే చాలు" అని నీలం టీషర్టు చేతిలో పెట్టాడు. నీలం! మా తమ్ముడి పార్టీ కదా అని చీరమీదే తొడుక్కుని నిలబడ్డాను. వచ్చినవాళ్ళందరికీ ఓటెలా వెయ్యాలో రాసిన కార్డులిచ్చి, "మా బ్రదర్ పార్టీ, మా బ్రదర్ పార్టీ" అని కూడా చెప్పాను. ఒక ముసలాయన నాతో చెయ్యి కలిపి మరీ వెళ్ళాడు.

ఇంటికొచ్చాక వైశాలి నా వెనక నిలబడి పకపకా నవ్వింది. "అమ్మా, నీ వీపు మీద లిబరల్ అని ఉంది." వీపు మీద రాస్తే నాకెలా కనిపిస్తుంది? నీ శత్రువులకి ఒక పూట ఊడిగం చేసొచ్చాను. రాత్రి అన్నం సయించలేదు.

పాపిష్టి అక్క

ఎల్మ్‌పోర్ట్
21 మే 2019

అక్కా (ఎప్పటికీ అక్కవే),

కడుపు నిండా అన్నం తిను. మీ దేశంలో లిబరల్ పార్టీ అంటే ఇంచుమించు మా కన్సర్వేటివ్‌లాంటి వాళ్ళే. అక్కడ పేరు మారింది, రంగు మారలేదు. నువ్వు పొరపాటున సరైన కార్డులే పంచావు. ఈ కథ మా ప్రచారంలో రోజూ చెబుతున్నాను. ఎల్మ్‌పోర్ట్ జాలర్లందరికీ నువ్వు తెలుసు.

భాను

ఎల్మ్‌పోర్ట్
14 ఫిబ్రవరి 2021

అక్కకు నమస్కారాలు.

గెలిచి ఏడాది దాటింది, చేసిందేమిటంటే చెప్పడానికి సిగ్గుగా ఉంది. రిబ్బన్లు కత్తిరించాను. ఒక వంతెనకి రంగు వేయించాను.

గస్ అని ఒక ముసలాయన, ఎండ్రకాయలు పట్టేవాడు, నా షాపుకి పాతికేళ్ళుగా వచ్చేవాడు. బీపీ మాత్రలు అయిపోయాయి. కొత్త చీటీ రాయడానికి మా ఊళ్ళో డాక్టరు లేడు, పట్నంలో డాక్టరు దొరకాలంటే రెండు నెలలు. చీటీ లేకుండా నేనివ్వకూడదని చట్టం. "పర్లేదులే భాన్, ఆగుతాను" అన్నాడు. ఆగాడు. పక్షవాతం వచ్చి పోయాడు.

పాత చీటీ మీద మందుల షాపువాడే మాత్రలు పొడిగించి ఇవ్వొచ్చనే చట్టం తేవాలి. ఎన్నేళ్ళు పట్టినా తేవాలి. ఆ ఒక్కటీ అయితే నేను రాజకీయాల్లోకి వచ్చినందుకు సార్థకం. మిగిలినవన్నీ ఎవరైనా చేస్తారు.

భాను

క్రెయిగీబర్న్
2 మార్చి 2021

భానూ,

గస్ గురించి చదివి బావగారు లేచి తన మాత్రల డబ్బా చూసుకున్నారు. చట్టం నువ్వు తెస్తావు. పట్టుకుంటే వదిలే రకం కాదు నువ్వు, చిన్నప్పుడు నా జడ పట్టుకున్నా అంతే.

ఒక్క మాట అంటాను, కోపం తెచ్చుకోకు. జయశ్రీ బంగారం. ఆ పిల్లలాంటిది మళ్ళీ దొరకదు. కానీ సభనుంచి రాత్రి ఇంటికెళ్ళి నువ్వొక్కడివే పెరుగన్నం కలుపుకుంటున్నావని తలుచుకుంటే నాకిక్కడ ముద్ద దిగదు. ఏ దేశం పిల్లయినా, ఏ రంగు పార్టీ అయినా సరే, ఒక తోడు చూసుకోరా. నేను కిక్కురుమనను.

అక్క

ఎల్మ్‌పోర్ట్
2 జూన్ 2024

అక్కకు నమస్కారాలు.

నువ్వు ప్రతి ఉత్తరంలోనూ అడిగే తోడు సంగతి ప్రస్తుతానికి పక్కన పెడదాం.

రెండోసారి నెగ్గాక నన్ను పార్టీ విప్‌ని చేశారని చెప్పాను కదా. ఆ ఉద్యోగం నీకు వివరించక్కర్లేదు, మన అసెంబ్లీ వార్తలు విని పెరిగిన దానివి. సభలో మాకూ వాళ్ళకూ తేడా ఒకటి రెండు ఓట్లే. ఓటింగున్న రోజు మావాళ్ళెవరూ ఊరు దాటకూడదు, జలుబు చేసినా మంచం ఎక్కకూడదు. అందరినీ కాపలా కాయడం నా పని. గస్ చట్టం బిల్లుగా తయారైంది, వచ్చే ఏడు సభకు వస్తుంది.

మొన్న ఫోన్‌లో నీకు ఆయాసం వస్తున్నట్టు అనిపించింది. నిజం రాయి.

భాను

క్రెయిగీబర్న్
11 ఆగస్టు 2024

భానూ,

ఆయాసం లేదు, ఏమీ లేదు, గ్యాస్. వైశాలి నీకు ఫోన్ చేసి ఏమేమో చెప్పిందట. దానిది వాళ్ళ నాన్న పోలిక, తుమ్మితే అంబులెన్సు. డాక్టరు బైపాస్ అన్న మాట నిజమే. సెప్టెంబరు మూడున. ఇక్కడ అది పన్ను పీకినట్టు చేసేస్తారట. నువ్వు కాపలా కాసేవాడివి, కదలడానికి లేదని నాకు తెలుసు. రావొద్దు. వస్తే మాట్లాడను.

పండు ఈ ఏడు స్కూల్లో చేరింది. తెలుగులో అడిగితే ఇంగ్లీషులో జవాబు. "ఆకలేస్తోందా?" అంటే "నాట్ అంటిల్ ది ఆర్వో, అమ్మమ్మా" అంది. ఆర్వో అంటే మధ్యాహ్నంట.

ఈసారి ఎందుకో నాన్న కొట్టు, నువ్వు కూర్చునే బియ్యం బస్తా మాటిమాటికీ కళ్ళలో మెదులుతున్నాయి. గ్యాసువల్లే అయ్యుంటుంది.

అక్క

ఎల్మ్‌పోర్ట్
29 ఆగస్టు 2024

అక్కా,

దిగులు పడకు. వస్తున్నాను. నాకు జత దొరికింది.

పేరు ఐలీన్. అవతలి పార్టీ మనిషి. ఇన్నాళ్ళూ ఎదురుపడితే తల తిప్పుకునేవాళ్ళం, సభలో నన్ను ఆవిడ తిట్టినన్ని తిట్లు ఇంకెవరూ తిట్టలేదు. నీ సంగతి ఎలా తెలిసిందో, నేను నోరు విప్పి అడగకముందే నా గదికొచ్చి, "వెళ్ళు, నీకు నేనున్నాను" అంది. చెయ్యీ చెయ్యీ కలిపాం. ఈ వ్యవహారంలో కాగితాలు, సాక్షులు ఉండవు, మాటే. నేను సరిగా థాంక్స్ కూడా చెప్పలేదు.

విమానానికి వేళైంది. మిగతాది వచ్చి చెబుతాను.

భాను

క్రెయిగీబర్న్
30 ఆగస్టు 2024

ఒరేయ్ నాన్నా,

నువ్వు విమానంలో ఉంటావు, దిగాక చదువుకో. నాకు ఆపరేషన్ చెయ్యకపోయినా ఇప్పుడు పర్లేదు. అడక్కుండానే "నీకు నేనున్నాను" అందా! కాగితాలు లేవు, సాక్షులు లేరు అంటావేమిటి, బందరు వెళ్ళి శాస్త్రోక్తంగా చేద్దాం. అవతలి పార్టీ అయితే మరీ మంచిది, ఇంట్లో కబుర్లకి లోటుండదు.

వైశాలి పెళ్ళప్పుడు కొన్న మంగళగిరి పట్టుచీర ఒకటి మడత విప్పకుండా ఉంది. ఎరుపు, జరీ అంచు. పెళ్ళికూతురికి ఎరుపే ఉండాలి. పసుపు కుంకుమ పెట్టి బీరువాలో సిద్ధం చేశాను. నేను లేచినా లేవకపోయినా ఆ అమ్మాయికి అందాలి.

అక్క

క్రెయిగీబర్న్
20 అక్టోబరు 2024

భానూ,

ఇవాళ వీధి చివరిదాకా నడిచాను. బావగారు వెనకాలే కుర్చీ మోసుకొచ్చారు, ఎక్కడ కూలబడతానో అని.

కళ్ళు తెరిచేసరికి నువ్వు మంచం పక్కన ఉన్నావు. ఆ మగతలోనే నేనన్న మొదటి మాట, "ఆ అమ్మాయేదిరా?" అని. నువ్వు తెల్లమొహం వేశావు. తర్వాత జత అంటే ఏమిటో విడమరిచి చెప్పావు చూడు: ఇటువాడొకడు తప్పనిసరై ఊరు వెళ్తే అటువాళ్ళొకరు తమ ఓటు కూడా వెయ్యకుండా బయట కూర్చుంటారని, అప్పుడు లెక్క చెడదని. ఆవిడకి అరవై ఆరేళ్ళని, వాల్టర్ అనే మొగుడున్నాడని, ఆయన లేచి నడవలేక ఏడాదైందని కూడా చెప్పావు. నేను సిగ్గుతో దుప్పటి మొహం మీదికి లాక్కున్నాను. కుట్లు లాగుతున్నా నవ్వు ఆగలేదు. నర్సు పరుగెత్తుకొచ్చింది.

పండుకి నేనూ విడమరిచి చెప్పాను. "ఓ, లైక్ ఎ బడ్డీ!" అంది. వాళ్ళ స్కూల్లో చిన్నపిల్లకి ఒక పెద్దపిల్లని జత చేస్తారట, ఆ పిల్ల రాకపోతే వీళ్ళు ఆటకి వెళ్ళరట. నాకంటే దానికే ముందు అర్థమైంది.

చీర ఇచ్చావా? వాళ్ళ పార్టీ రంగు ఎరుపని, అది నీ పెట్టెలో పెట్టుకెళ్తే మీవాళ్ళు పట్టుకుంటారని గునిశావు కదా. పెళ్ళికూతురు కాకపోతేనేం. మా తమ్ముణ్ణి నా దగ్గరికి పంపిన మనిషి.

అక్క

ఎల్మ్‌పోర్ట్
18 మే 2025

అక్కకు నమస్కారాలు.

ఈ ఉత్తరం రాయడానికి మూడుసార్లు కూర్చుని లేచాను.

ముందు చీర సంగతి. ఐలీన్‌కి అది ఎలా కట్టుకోవాలో నేను చెప్పలేకపోయాను. కిటికీ దగ్గర కుర్చీలో కూర్చునే వాల్టర్ కాళ్ళమీద కప్పింది. ఆయనకి ఎంత నచ్చిందంటే, చలికాలమంతా ఇంకో దుప్పటి తీసుకోలేదట.

ఏప్రిల్ ఆఖర్లో వాల్టర్‌కి బాగా జబ్బు చేసింది. ఐలీన్ నా దగ్గరికొచ్చి ఏమీ అడగలేదు, ఊరికే నిలబడింది. నేను చెయ్యి చాచాను. మర్నాడే మా నాయకుడు గస్ బిల్లుకి తేదీ ఖాయం చేశాడు. ఆవిడ లేని వారం చూసుకుని చేశాడు. మా పార్టీలోనే ఒక డాక్టరు అడ్డం తిరిగాడు కాబట్టి, నేను లోపలికెళ్ళి ఓటేస్తే బిల్లు నెగ్గుతుంది, బయట ఉంటే పోతుంది. "చేతులు కలిపిన మాట నిలబెట్టుకోవాలని చట్టమేమీ లేదు భాన్. ఇది నీ బిల్లు. నీ జాలర్ల కోసం" అన్నాడు. అబద్ధమేమీ కాదు కదా అక్కా. నాలుగేళ్ళు నేను తిరిగింది దానికోసమే.

ఓటింగు గంట మోగింది. సభ తలుపు బయట చెక్క బల్ల మీద కూర్చున్నాను. అందరూ నన్ను చూసుకుంటూ లోపలికి వెళ్ళారు. తలుపులు వేసే ముసలి బంట్రోతు, "మూసేస్తున్నాను సార్, లోపలికి వస్తారా?" అన్నాడు. "లేదు, నా జత ఇంకా రాలేదు" అన్నాను.

బిల్లు ఓడిపోయింది. లోపల అవతలివాళ్ళ చప్పట్లు వినిపించాయి. ఆ సాయంత్రమే వాల్టర్ పోయాడు, ఐలీన్ పక్కనే ఉంది. మర్నాడు నన్ను విప్ పదవినుంచి తీసేశారు. వచ్చే ఎన్నికలకి టికెట్ కూడా ఇవ్వరు, ఆ సంగతి మొహం మీదే చెప్పారు. పదవి పోయినందుకు బాధ లేదు. రాత్రిళ్ళు గస్ గుర్తొస్తున్నాడు. ఒక్క మనిషికిచ్చిన మాటకోసం అన్ని ఊళ్ళవాళ్ళకీ అన్యాయం చేశానా?

నాకు తెలియడం లేదు. మిగతాది మా అక్కకి తెలుసు.

భాను

క్రెయిగీబర్న్
1 జూన్ 2025

నా బంగారు భానూ,

నీ ఉత్తరం బావగారికి చదివి వినిపిస్తుంటే ఆఖరి లైను దగ్గర ఆగిపోయాను. ఆయనే తీసుకుని చదివారు.

మిగతాది నాకు తెలియదురా. ఏడో తరగతప్పుడు తెలుసు, అది నేనే రాశాను కాబట్టి. ఇది నువ్వు రాసుకున్నది. గస్‌లాంటివాళ్ళకి మాత్రలు ఆలస్యమైతే ఆ బరువు నీమీద లేదని చెప్పను. ఉంది. అందుకే ఆ బిల్లు మళ్ళీ తేవాలి.

నాకు తెలిసింది చెబుతాను. నేను కళ్ళు తెరిచిన పూట నువ్వు నా పక్కన కూర్చున్నావు. అదే పూట అక్కడ ఆవిడ అలాంటి బల్ల మీదే ఎక్కడో కూర్చుని ఉంటుంది, తనవాళ్ళు గుర్రుగా చూస్తుంటే. నేనప్పుడు ఆ సంగతి తలుచుకోలేదు, పెళ్ళికూతురని నవ్వుకున్నాను. ఇప్పుడు నువ్వు బయట కూర్చున్నావు కాబట్టే ఆవిడ వాల్టర్ చెయ్యి పట్టుకుని కూర్చోగలిగింది. నువ్వు లోపలికెళ్ళి ఓటేసి గెలిచి వచ్చి "అక్కా, బిల్లు నెగ్గింది" అని రాసి ఉంటే నేను శభాష్ అనేదాన్ని. కానీ ఆ చీర సంగతి మళ్ళీ అడగలేకపోయేదాన్ని.

టికెట్ ఇవ్వరని దిగులు పడుతున్నావు. వాళ్ళు ఇవ్వకపోతే పోనీ, వైశాలి నాకు కొనేసింది. జులై పన్నెండున దిగుతున్నాను. డాక్టరు సరేనన్నాడు. బావగారికి విమానమంటే భయం, ఆయన పండుకి కాపలా ఉంటారు. నువ్వు సొంతంగా నిలబడతానంటే మీ రైడింగ్ అంతా తిరిగి కార్డులు పంచుతాను, ఆ పనిలో నాకు అనుభవం ఉంది. టీషర్టు ఏ రంగుదైనా ఈసారి వీపు మీద ఏముందో చదివే తొడుక్కుంటాను.

అయితే దిగగానే ముందు నన్ను నీ ఇంటికి తీసుకెళ్ళకు. ఐలీన్ ఇంటికి తీసుకెళ్ళు. ఆ కిటికీ దగ్గర కుర్చీ ఖాళీగా ఉంటుంది, ఆవిడ దాన్ని చూస్తూ ఉంటుంది, నాకు తెలుసు. నాకు ఇంగ్లీషు అంతంతమాత్రం, ఆవిడకి తెలుగు రాదు, ఫర్వాలేదు. నాలుగు రోజులు నేను ఆవిడకి జత కూర్చుంటాను.

అక్క,
శ్యామసుందరి